బాడీ ఎత్తించిన పాత జీపు: వేడెక్కడం, స్టీరింగ్ పట్టేయడం, లో గేరు జారడం

రాపూరు నిమ్మతోట

అందరికీ నమస్కారం. ఈ ఎండాకాలానికి ముందు ఒక పాత మహీంద్రా ఎంఎం 540 జీపు కొన్నాను. మా నిమ్మతోటకు వెళ్ళే బాటలో వాగు ఉంది. వానలు మొదలైతే ట్రాక్టరు తప్ప ఇంకే బండీ దాటదు. కోసిన కాయను వెంటనే పొదలకూరు యార్డుకు చేర్చకపోతే నష్టపోయేది మేమే కాబట్టి ఫోర్ వీల్ బండి లేనిదే మాకు గడవదు.

నేను కొనేనాటికే బాడీని 2 అంగుళాలు ఎత్తించి, పెద్ద టైర్లు వేసి, పవర్ స్టీరింగ్ కూడా ఎక్కించి ఉన్నారు. ఆ పని ఎవరు చేశారో అమ్మినాయనకు కూడా తెలియదు. చదునైన రోడ్డు మీద పరవాలేదు గానీ, చిట్వేలు ఘాటు ఎక్కుతుంటే వేడి ముల్లు ఎర్ర గీత దాకా పోతోంది. రేడియేటర్ కడిగించాను, థర్మోస్టాట్ మార్పించాను, నీళ్ళ పంపు బాగానే ఉందన్నారు. బానెట్ ఎత్తి చూస్తే ష్రౌడ్ (ఫ్యాను చుట్టూ ఉండే రేకు తొడుగు) కింది అంచున ఫ్యాను రెక్కలు రాసుకుని రంగు లేచిపోయి, రేకు తళతళలాడుతోంది.

స్టీరింగ్ కుడివైపు చివరిదాకా తిప్పితే ఒకచోట పట్టేసి, కొంచెం బలవంతం చేస్తే వదులుతోంది. ఇక లో గేరులో వాగు గట్టు ఎక్కుతుంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) లివర్ దానంతట అదే న్యూట్రల్‌కు వచ్చేస్తోంది. మొన్న మా అమ్మ పక్క సీట్లో ఉండగా అలాగే జరిగి బండి వాగులోకి వెనక్కి దొర్లింది. బ్రేకుకు ఆగింది కాబట్టి సరిపోయింది.

నెల్లూరులో ఒక షెడ్డులో చూపిస్తే గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు రెండూ విప్పాల్సిందే అన్నారు. నిజంగా అవి పోయాయా, లేక ఈ ఎత్తించడం వల్లనే ఇదంతానా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

ఒంగోలు లేత్ పని

అన్నా, ముందు ఆ గేర్‌బాక్సు విప్పనివ్వకండి. ఘాటు వైపు అసలే వెళ్ళకండి. స్టీరింగ్ చూసుకునేదాకా బండి ఇంటి దగ్గరే ఉండనివ్వండి.

నాది ఒంగోలులో లేత్ మిషన్. చీమకుర్తి క్వారీల జీపులు, అద్దంకి, దర్శి వైపు పొలాల జీపులు నా దగ్గరికి వస్తుంటాయి. బాడీ లిఫ్ట్ చేసిన బండిలో వచ్చే రోగాలు దాదాపు అన్నీ ఒకే చోట పుడతాయి. ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే పైకి లేపుతారు. ఇంజిను, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, స్టీరింగ్ బాక్సు, ఇరుసులు ఛాసిస్‌తోపాటు కిందే ఉండిపోతాయి. ఒక కొస బాడీకి, రెండో కొస ఛాసిస్‌కు తగిలించిన ప్రతి వస్తువుకూ ఇప్పుడు 50 మిల్లీమీటర్లు తక్కువ పడింది. దాన్ని సర్దకుండా బోల్టులు బిగించి పంపేశారు మీ బండిని.

స్టీరింగ్ దగ్గర మొదలుపెట్టండి. చక్రం దగ్గరి నుంచి కింద స్టీరింగ్ బాక్సు దాకా మధ్యలో ఒక షాఫ్టు, దానికి రెండు జాయింట్లు ఉంటాయి. బాడీ లేచేసరికి ఆ షాఫ్టు సాగాలి. ఒకదానిలో ఒకటి దూరే రకమైతే లోపలి ముక్క బయటికి జరిగి, పళ్ళు కొద్దిగా మాత్రమే పట్టుకుని ఉంటాయి. గతుకులో బాడీ ఎగిరినప్పుడు అది ఊడితే చక్రం చేతిలో ఊరికే తిరుగుతుంది, టైర్లు తిరగవు. ఇక్కడ నేను ఎవరి మాటా వినను. షాఫ్టు మందం ఎంతో, కనీసం దానికి ఒకటిన్నర రెట్లు లోపల పట్టుకుని ఉంటేనే బండి బయటికి పంపిస్తాను. తక్కువైతే కొత్తగా పొడవు షాఫ్టు చేయించండి. పాతదాన్ని కోసి మధ్యలో ముక్క అతికి వెల్డింగ్ చేస్తామంటే అక్కడి నుంచి వచ్చేయండి.

మీకు ఒకచోట పట్టేసి వదులుతోంది అంటే జాయింటు కోణం ఎక్కువైంది. ఒక్కో జాయింటు 30 డిగ్రీలు దాటి వంగితే ఇలాగే బిగుస్తుంది. లేదా రెండు జాయింట్ల కొమ్ములు ఒకే వరుసలో లేవు. ముందు చక్రాలు రెండూ నేల వదిలేలా ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టి, ఇంజిను ఆపి, చక్రాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పించండి. మీరు కింద కూర్చుని జాయింట్లనే చూడండి. ఎక్కడ బిగుస్తుందో అక్కడ జాయింటు కొమ్ము పక్క కొమ్ముకు తగులుతూ కనిపిస్తుంది.

వేడి సంగతి మీరే సగం కనిపెట్టారు. ఈ జీపుల్లో రేడియేటర్ ముందు జాలీ రేకుకు బిగించి ఉంటుంది, జాలీ బాడీతోపాటు లేస్తుంది. ఫ్యాను ఇంజినుకు ఉంటుంది కాబట్టి లేవదు. ఇప్పుడు ఫ్యాను రేడియేటర్‌కు నడిమధ్యలో లేదు, 2 అంగుళాలు కిందికి ఉంది. పైభాగంలో గాలి సరిగా లాగడం లేదు, కింద ష్రౌడ్‌ను కొరుకుతోంది. చాలామంది ష్రౌడ్ తీసి పారేస్తారు. రాసుకునే చప్పుడు పోతుంది గానీ, ష్రౌడ్ లేకపోతే ఫ్యాను పక్కల నుంచి గాలి లాక్కుంటుంది, ఘాటులో నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు రేడియేటర్ గుండా వచ్చేది తగ్గిపోతుంది. రేడియేటర్‌నే 2 అంగుళాలు కిందికి దించాలి. నాలుగు పట్టీలు కోసి కొత్త రంధ్రాలు వేస్తే అది ఫ్యాక్టరీలో ఉన్న చోటికే వస్తుంది, ష్రౌడూ దానితోపాటు దిగుతుంది. పై హోసు, కింది హోసు మెలిక తిరగకుండా చూసుకోండి. కొరికిన ఫ్యాను రెక్కల కొనలు కూడా వేలితో తడిమి చూడండి. చీలిక ఉంటే ఆ ఫ్యాను పనికిరాదు, రెక్క విరిగితే రేడియేటర్‌నే చీలుస్తుంది.

ఇక లో గేరు. ఫ్లోరులో లివర్ వచ్చే రంధ్రం పైకి లేచింది, లివర్ మొదలు కిందే ఉంది. లో గేరులో వేసినప్పుడు లివర్ రంధ్రం అంచుకు ఆనుకుంటోంది, పూర్తిగా పడటం లేదు. బరువు పడి ఇంజిను కొంచెం పక్కకు వాలగానే ఆ అంచే దాన్ని న్యూట్రల్‌లోకి నెట్టేస్తుంది. రబ్బరు బూటు తీసి, లో గేరులో వేసి, లివర్‌కూ రేకుకూ మధ్య వేలు దూరుతుందేమో చూడండి. దూరకపోతే మీ ట్రాన్స్‌ఫర్ కేసు తప్పేమీ లేదు. రంధ్రం కోసి పెద్దది చేయడం ఒక పూట పని. అలా చేశాక కూడా జారితే అప్పుడు విప్పే మాట ఆలోచిద్దాం.

అన్నిటికంటే ముఖ్యం, ఆ దిమ్మలు ఏమిటో చూసి చెప్పండి. ఫొటో పెడితే ఇంకా మంచిది.

విడవలూరు చెరువులు

లేత్ అన్న చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. మాకు రొయ్యల చెరువులు, గట్ల మీద ఎప్పుడూ ఉప్పుగాలే. బాడీ దిమ్మలు చూసేటప్పుడు వాటి కింద ఛాసిస్ కొమ్ములను (బాడీ కూర్చునే బ్రాకెట్లను) సుత్తితో మెల్లగా కొట్టి వినండి. ఖంగుమంటే ఇనుము బాగున్నట్టు. మొద్దు చప్పుడు వస్తే లోపల తుప్పు తినేసింది. తుప్పు పట్టిన కొమ్ము మీద ఎంత మంచి దిమ్మ పెట్టినా ఏం లాభం?

ఇంకొకటి, ఇంజిను నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ. మా బండికి అది సాగి తెగిపోయింది. స్టార్టర్ కరెంటు వెనక్కి పోయే దారి లేక యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయి కేబుల్ కాలిపోయింది. పొడవైన కొత్త పట్టీ వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మార్కాపురం పలకల గని

నా అభిప్రాయం వేరు. ఈ లిఫ్ట్ తీసేసి, బాడీని పాత రబ్బర్ల మీద కూర్చోబెట్టి, చిన్న టైర్లు వేసుకోండి. బాడీ లేపినందువల్ల ఇరుసు ఒక్క అంగుళం కూడా లేవదు, ఛాసిస్ కూడా లేవదు. పెద్ద టైరు పట్టడానికి చోటు దొరుకుతుంది, అంతే. వాగు దాటడానికి కావలసింది మంచి పట్టున్న టైర్లు, పనిచేసే లో గేరు. మా గనుల దగ్గర పలకరాయి ముక్కలు పరుచుకున్న బాటల్లో మామూలు ఎత్తు జీపులే తిరుగుతున్నాయి.

చట్టం సంగతి కూడా ఆలోచించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణలో అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. రేపు ప్రమాదం జరిగితే బీమా వాళ్ళు మొదట అడిగేది దీని గురించే.

ఒంగోలు లేత్ పని

మార్కాపురం అన్న మాట న్యాయమైనది. తీసేయగలిగితే తీసేయడమే మేలు, దానికి నేను అడ్డు చెప్పను. కానీ తీసేసినా స్టీరింగ్ షాఫ్టు, హోసులు, కేబుళ్ళు మళ్ళీ చూడాల్సిందే. ఎత్తించినవాళ్ళు వాటిలో దేన్ని కోశారో, దేన్ని అతికారో మనకు తెలియదు.

రాపూరు నిమ్మతోట

మీ అందరికీ ధన్యవాదాలు. చూశాను. లో గేరులో లివర్‌కూ రేకుకూ మధ్య కాగితం కూడా దూరడం లేదు. గేర్‌బాక్సు విప్పే మాట మానుకున్నాం.

దిమ్మలు మాత్రం చూసి గుండె ఆగినంత పనైంది. నీళ్ళ గొట్టం ముక్కలు కోసి పెట్టారు, జీఐ పైపు! లోపల బోలుగా ఉంది, బోల్టు అందులో ఇటూ అటూ ఊగుతోంది. డ్రైవరు సీటు కింది ముక్క ఒక పక్కకు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. బోల్టు తలల మీద వాటి బలం చెప్పే ఏ అంకే లేదు. స్టీరింగ్ షాఫ్టు మధ్యలో వెల్డింగ్ గడ్డ కూడా ఉంది. హ్యాండ్ బ్రేక్ విడిచినా వెనక డ్రమ్ములు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటున్నాయి, ఇదీ దానివల్లనేనా?

ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకుని లిఫ్ట్ తీసేయాలనే నిర్ణయించుకున్నాం. టైర్లు కూడా మారుస్తాం.

ఒంగోలు లేత్ పని

మంచి నిర్ణయం. ఆ పైపు ముక్కల మీద మీ అమ్మగారిని కూర్చోబెట్టుకుని తిరిగారంటే నాకు ఒళ్ళు మండుతోంది. అలా చేసినవాళ్ళు ఆ బండిలో తమ పిల్లలను ఎక్కిస్తారా?

అవును, డ్రమ్ముల వేడి కూడా అదే. బాడీతోపాటు హ్యాండ్ బ్రేక్ కేబుల్ లాగబడి వెనక బ్రేకులు ఎప్పుడూ కొంచెం పట్టుకునే ఉంటున్నాయి. బాడీ దించాక కేబుల్ వదులవుతుంది. అయినా లైనింగులు విప్పి చూసి, అరిగితే మార్చండి. మాస్టర్ సిలిండర్ నుంచి ఛాసిస్ మీదికి వచ్చే ఇనుప బ్రేకు పైపును కొస నుంచి కొస దాకా చూడండి, ఎక్కడైనా లాగి చదును చేసి ఉంటే కొత్తది వేయండి. షాఫ్టు తీసి నాకు పంపండి, కొలతలు చూసి ఫ్యాక్టరీ పొడవుకు కొత్తది దొరుకుతుందేమో కనుక్కుంటాను. వెల్డింగ్ గడ్డ ఉన్నది మాత్రం మళ్ళీ వేయకండి, చిన్న దూరానికైనా సరే.

బాడీ కింద కొత్త రబ్బరు బుష్‌లు, తల మీద 8.8 అని అంకె ఉన్న బోల్టులు వేయించండి. దించేటప్పుడు ఒక పక్క మొత్తం ఒకేసారి వదలకుండా అన్ని బోల్టులూ కొంచెం కొంచెం వదులు చేస్తూ రావాలి, లేదంటే రేకు మెలి తిరిగి తలుపులు పడవు. బాడీ దిగితే హెడ్‌లైట్ల వెలుగు కూడా దిగుతుంది, రాత్రి గోడ మీద వేసి సరిచేయండి. చివరగా ప్రతి నట్టు మీదా, దాని పక్క ఇనుము మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీయించండి. వాగు దాటి వచ్చినప్పుడల్లా వంగి చూడండి, గీత రెండు ముక్కలుగా కనిపిస్తే ఆ నట్టు కదిలినట్టే.