నీరు పవిత్రమైతే దానితో మైల కడగవచ్చునా?

ఇసుకదారి: నేను రాస్తున్న కల్పిత లోకంలో ఎడారి సంచారులు ఉన్నారు. భూమి మీది నీరంతా ఆదిమాత తన తొలి బిడ్డ పోయినప్పుడు కార్చిన కన్నీరని వారి నమ్మకం. శవాన్ని పూడ్చి వచ్చినవారు గుడారంలో అడుగుపెట్టే ముందు తల మీద మూడు దోసిళ్ల నీరు పోసుకుంటారు. ఈ క్రతువు ఆ నమ్మకానికి నప్పుతుందా?

రాతిబాట: నప్పదు. నీరు పవిత్రమని చెప్పి అందులోనే మైలను కడగమనడం పొసగదు. పార్సీలు పాటించే జొరాస్ట్రియన్ సంప్రదాయంలో నీటిని మలినపరచడమే పాపం కనుక, శవాన్ని తాకినవారు ముందు గోమూత్రంతో శుద్ధి పొంది, చివరన మాత్రమే నీటిని తాకేవారు. క్రీ.పూ. 5వ శతాబ్దిలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ వర్ణించిన సిథియన్లు అనే గడ్డిమైదానాల సంచారులు ఖననం తరువాత ఉన్నికంబళ్లు కప్పిన చిన్న గుడారంలో కాలిన రాళ్ల మీద గంజాయి గింజలు వేసి, ఆ ఆవిరితోనే శుద్ధి అయ్యేవారు. 1947-49 మధ్య సైబీరియాలో అల్తాయ్ పర్వతాల్లోని పజిరిక్ అనే చోట, అటువంటి సంచారుల సమాధుల తవ్వకాల్లో అటువంటి రాళ్లూ గింజలూ ఉన్న కంచు పాత్రలు దొరికాయి కూడా.

చెలమ: ఆ సిథియన్లు ముందుగా తల కడుక్కునేవారని కూడా హెరోడోటస్ అక్కడే రాశాడు.

రాతిబాట: తల వేరు, ఒళ్లు వేరు.

చెలమ: ఇసుకదారి గారు రాసింది తల గురించే కదా.

వేకువచుక్క: మూడు దోసిళ్లంటే సుమారు అర లీటరు. బావి నాలుగు రోజుల దూరంలో ఉంటే తిత్తిలోంచి అంత నీరు ఎవరు తీయనిస్తారు?

ఇసుకదారి: ఆ నీరు వృథా కాదు. కింద ఉన్నికంబళి పరుస్తారు. తడిసిన కంబళిని ఇద్దరు చెరో కొసా పట్టుకొని మెలితిప్పి పిండితే చెక్కగిన్నెలోకి దిగిన నీటిని తల్లిలేని ఒంటెపిల్లకు తాగిస్తారు.

రాతిబాట: మైల కడిగిన నీటిని పసిప్రాణికి తాగిస్తారా? అలాగైతే మైల పోయినట్టా, చేతులు మారినట్టా? బూడిదతో శుద్ధి చేసుకునే తెగ గురించి నేను రెండేళ్ల క్రితం ఒక కథ రాస్తే, నీరు లేని శుద్ధిని పాఠకులు నమ్మరంటూ ఒక పత్రికవారు తిప్పి పంపారు. నీటిని ఇంత అనాలోచితంగా వాడడాన్ని నేను సహించలేనిది అందుకే.

చెలమ: మీ కథ తిరిగి వచ్చిన బాధకు ఈ క్రతువు బాధ్యురాలు కాదు. నా అభ్యంతరం అసలు నీటి మీద కానే కాదు. తెగ అంతటి కోసం శవాన్ని మోసి, గొయ్యి తవ్వి వచ్చినవాడిని గుమ్మం బయట నిలబెట్టి, మైల వాడిదేనని మీరిద్దరూ ఏ తడబాటూ లేకుండా ఒప్పుకున్నారు. మా నాన్నగారికి చివరి దాకా సేవ చేసింది నేనే. ఆయన పోయాక కొన్నాళ్లు నేను అందించిన గ్లాసు పుచ్చుకోవడానికి దగ్గరివారే తటపటాయించారు. నీరు ఆదిమాత కన్నీరైతే అది మైలను కడగడానికి కాదు, దుఃఖాన్ని పంచుకోవడానికి.

రాతిబాట: మీ బాధ నాకు తెలియదు, మన్నించండి. మీ మాటకు బలమిచ్చే సాక్ష్యం ఒకటుంది. 1245-47లో మంగోలుల దగ్గరికి పోపు దూతగా వెళ్లిన కార్పిని అనే సన్యాసి, మోసినవారు మాత్రమే కాక మృతుని బంధువులూ అతని గుడారంలో ఉండేవారూ అందరూ రెండు మంటల మధ్య నడవవలసి వచ్చేదని రాశాడు. అటొకరు, ఇటొకరు నిలబడి మంత్రాలు చదువుతూ నీళ్లు చల్లే ఇద్దరు స్త్రీలు కూడా అక్కడ ఉండేవారు. అయినా మరణం తాకిన చోట ఏదో అంటుకుంటుందన్న భయం లేనిదే శుద్ధి అన్న ఊహే పుట్టదని ఇప్పటికీ అంటాను.

ఇసుకదారి: అయితే గుడారంలో ఉండిపోయినవారే బయటికి వచ్చి, ముందు తమ తల మీద ఒక దోసిలి పోసుకొని, తరువాత మోసి వచ్చినవారికి పోస్తారని మారుస్తాను.

చెలమ: అలా రాయండి. ఆ కంబళిని కూడా ఇంట్లో ఉండిపోయినవారే పిండాలి.

రాతిబాట: ఒంటెపిల్ల సంగతి మాత్రం నేను ఒప్పుకోను.