అప్‌డేట్: క్రూజ్‌లో షేర్డ్ డిన్నర్ టేబుల్ సంగతి తేలింది

అలాస్కా క్రూజ్‌లో డిన్నర్‌కి తెలియనివాళ్లతో కలిపి ఎనిమిది మంది టేబుల్ ఇచ్చారు, అమ్మానాన్న ప్యూర్ వెజ్, మార్పించుకోవచ్చా అని అడిగాను కదా. రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

షిప్ ఎక్కిన రోజు మధ్యాహ్నమే డైనింగ్ రూమ్‌కెళ్లి మేటర్ డీని (అంటే డైనింగ్ రూమ్ ఇన్‌చార్జ్‌ని) కలవమన్న సలహానే పనిచేసింది, డిన్నర్ టైమ్‌కి వెళ్తే అక్కడ ఒకటే క్యూ. వేరే టేబుల్ ఇస్తామన్నారు గానీ, ఒక్కరోజు కూర్చుని చూద్దాం అని నాన్నే అన్నారు, చివరిదాకా అక్కడే తిన్నాం, అంత మంచివాళ్లు దొరికారు! రోజూ అదే కుర్చీ అనే రూలేం లేదు, కానీ అందరూ మొదటిరోజు సీట్లోనే కూర్చుంటారు. అందరి ఆర్డర్ ఒకేసారి తీసుకుంటారు కాబట్టి టైమ్‌కి వెళ్లడమే ముఖ్యం, రాని రోజు ముందే చెప్పేయండి, టేబుల్‌లో మిగతావాళ్లు పాపం వెయిట్ చేస్తారు. ఇండియన్ వెజ్ ముందురోజు రాత్రే హెడ్ వెయిటర్‌కి చెప్తే చేసిపెట్టారు. ముందే టిప్ ఇవ్వడం, కస్టమర్ కేర్‌కి ఫోన్లు, ఇవేవీ అక్కర్లేకపోయాయి.