బిగ్ ఓ అంటే వర్స్ట్ కేసేనా? తీటా అనాల్సిన చోట ఓ అంటే తప్పా?

అర్ధరాత్రి_కోడర్:
ఇంటర్వ్యూలో ఇన్సర్షన్ సార్ట్ (ఒక్కో సంఖ్యనీ తీసి, ముందే సర్దినవాటి మధ్య దాని చోట దూర్చే పద్ధతి) అడిగారు. "బెస్ట్ కేస్ బిగ్ ఓ ఆఫ్ ఎన్" అన్నాను, అంటే బాగా కలిసొచ్చే ఇన్‌పుట్ పడితే చేయాల్సిన పని, సంఖ్యల లెక్క ఎన్ కన్నా వేగంగా పెరగదని. "బిగ్ ఓ అంటేనే వర్స్ట్ కేస్, బెస్ట్ కేస్‌కి ఒమేగా వాడాలి" అని నవ్వారాయన. నోరు మూసుకుని వచ్చేశాను. ఇంతకీ తప్పెవరిది?

కుండబద్దలు:
ఆయనదే. రెండు వేరే ప్రశ్నల్ని కలిపేశారు. ముందు ఏ ఇన్‌పుట్ గురించో తేల్చుకోవాలి: బెస్టా, వర్స్టా, యావరేజా. అది తేలితే ఎన్‌తో పాటు మారే ఒక ఫంక్షన్ చేతికొస్తుంది. దాని పెరుగుదలకి పై హద్దు ఓ, కింది హద్దు ఒమేగా, రెండు హద్దులూ ఒకటైతే తీటా.

పది సంఖ్యలు ముందే వరుసలో ఉంటే ఇన్సర్షన్ సార్ట్‌కి 9 పోలికలు చాలు. పూర్తిగా తిరగేసి ఉంటే 1 నుంచి 9 దాకా కూడాలి, 45. ఆ 9 ఉందే, ఎన్ మైనస్ 1, దానికి ఓ ఆఫ్ ఎన్ అన్నా నిజమే, ఒమేగా ఆఫ్ ఎన్ అన్నా నిజమే. మీ జవాబులో తప్పేమీ లేదు.

ప్రొడక్షన్_పిల్లి:
పరీక్షలో రాసుకోడానికి బాగుంది. పనిలో తీటా అన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి! మీటింగ్‌లో ఆ మాటంటే నాకేదో చర్మవ్యాధి అనుకుంటారు. ఓ అంటే తీటా అనే అందరూ సర్దుకుపోతున్నారు. అయినా అసలు తేడా ఈ గుర్తులు దాచేసే స్థిరాంకాల్లో, అంటే ఎన్ ముందుండే 2, 50 లాంటి గుణకాల్లో ఉంటుంది. పైథాన్ సార్ట్ కూడా చిన్న ముక్కల దగ్గర ఇన్సర్షన్ సార్ట్‌నే వాడుకుంటుంది.

కుండబద్దలు:
స్థిరాంకాల మాట ఒప్పుకుంటాను. సర్దుకుపోవడమే ఒప్పుకోను. ఎన్ లాగ్ ఎన్‌లో ముగిసే మెర్జ్ సార్ట్‌ని (సగాలుగా చీల్చి, సర్ది, కలిపే పద్ధతి) ఓ ఆఫ్ ఎన్ క్యూబ్ అన్నా అబద్ధం కాదు కదా? "ఇది ఓ ఆఫ్ ఎన్ స్క్వేర్, అది ఓ ఆఫ్ ఎన్ లాగ్ ఎన్, కాబట్టి అదే మేలు" అంటే ఎలా నిలుస్తుంది? మొదటిది ఎన్‌లోనే ముగుస్తుందేమో, పై హద్దు ఒక్కటే చూస్తే తెలీదు. ఇక పై హద్దుకి "కనీసం" తగిలించి "కనీసం ఓ ఆఫ్ ఎన్ స్క్వేర్" అనేవాళ్ళకి దణ్ణం.

పాత_నోట్సు:
ఈ గొడవ కొత్తదేం కాదు. బిగ్ ఓ గుర్తు 1894లో పాల్ బాఖ్‌మన్ అనే గణితవేత్త సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ) కోసం వాడింది, లాండావు అనే మరో గణితవేత్త ప్రచారంలోకి తెచ్చాడు. కింది హద్దుకి కూడా జనం ఓ వాడేస్తున్నారని 1976లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ మొత్తుకుని, ఒమేగా, తీటాలకి ఇప్పుడు మనం వాడే అర్థాలు ప్రతిపాదించాడు. యాభై ఏళ్ళు కావొస్తోంది, మనం ఇక్కడే ఉన్నాం.

నాకైతే తీటా మానేయడం కన్నా కేస్ పేరు మింగేయడమే పెద్ద తప్పనిపిస్తుంది. "క్విక్ సార్ట్ ఎన్ లాగ్ ఎన్" అని ఊరుకుంటారు. అది యావరేజ్. పివట్‌గా (మిగతావాటిని రెండు గుంపులుగా విడదీయడానికి ఎంచుకునే సంఖ్య) ప్రతిసారీ అన్నిటికన్నా చిన్నదో పెద్దదో పడితే ఎన్ స్క్వేర్.

అర్ధరాత్రి_కోడర్:
మరి కేస్ చెప్పకుండా, ఏ ఇన్‌పుట్‌కైనా అని ఇన్సర్షన్ సార్ట్‌కి తీటా అడిగితే?

కుండబద్దలు:
చెప్పలేం. పైన ఎన్ స్క్వేర్, కింద ఎన్, రెండూ కలవవు. మీ ఇంటర్వ్యూ ఆయన ఈ ముక్కే ఎక్కడో సగం విని ఉంటారు.