సర్కారు కాలేజీలో బైపీసీ చదివినవాళ్లకు ఎంబీబీఎస్‌లో వేరే కోటా అడగొచ్చా?

బోటనీ_సార్:
ఆసిఫాబాద్ జిల్లాలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. 2023లో మా జిల్లాకే మెడికల్ కాలేజీ వచ్చింది. అప్పుడు మా బైపీసీ పిల్లల సంబరం చూడాలి, సీట్లన్నీ తమకే అన్నట్టు! మా దగ్గర చదివి అందులో చేరినవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు. పిల్లల్లో తెలివికి కొదవేం లేదు. ఫిజిక్స్‌కి గెస్ట్ లెక్చరర్ దొరికేసరికి దసరా సెలవులు వచ్చేస్తాయి. అప్పటికి కార్పొరేట్ కాలేజీ పిల్లాడు ఎన్ని మోడల్ పేపర్లు రాసేసి ఉంటాడో. అయినా సీటు రాకపోతే వాడికి లాంగ్ టర్మ్ ఉంది, ఇంకో ఏడాది కోచింగ్ తీసుకుని మళ్లీ రాస్తాడు. ఎంబీబీఎస్ సీటు కోసం రాసే నీట్ పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకటే: 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. తెలుగులో రాయొచ్చు, నిజమే. తెలుగులో ప్రాక్టీస్ చేయడానికి సరుకేదీ?

తమిళనాడులో 2020 నుంచి సర్కారు బడి పిల్లలకు 7.5 శాతం సీట్లు ఇస్తున్నారు. మనమూ అదే అడగాలా? లేక పాత ఎంసెట్‌లో లాగా ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ అడగాలా?

హౌస్‌సర్జన్_వరంగల్:
వెయిటేజీ మాట వదిలేయండి సార్. వెయ్యికి 980 తెచ్చుకునేది కూడా ఆ కార్పొరేట్ పిల్లలే. పైగా నీట్ మెరిట్ లెక్క రాష్ట్రం చేతిలో లేదు. కోటా చేతిలో ఉంది. తమిళనాడు చట్టాన్ని 2022లో మద్రాస్ హైకోర్టు సమర్థించింది కూడా. మన తెలంగాణలో సీట్లకు ఎవరు స్థానికులన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు ఇక్కడే చదవాలన్న నిబంధన 2025 సెప్టెంబర్‌లో నిలబడింది. ఎక్కడ చదివారని అంత పట్టుగా అడిగారు, ఎలాంటి బడిలో చదివారని ఎవరూ అడగలేదు.

హోసూరు_అక్క:
మేం తమిళనాడులో ఉండే తెలుగువాళ్లం. మా వీధిలో టైలర్ గారి అమ్మాయి ఈ కోటాలోనే ఎంబీబీఎస్ చదువుతోంది. ఫీజు ప్రభుత్వమే కడుతుంది, ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చినా సరే. నీట్‌లో క్వాలిఫై మాత్రం అవ్వాల్సిందే. దీనికోసం ఇక్కడి ప్రభుత్వం వేసిన జస్టిస్ కలైయరసన్ కమిటీ 10 శాతం అంటే ప్రభుత్వం 7.5 చేసింది. అయినా మొదటి ఏడాదే మూడు వందల మందికి పైగా ఎంబీబీఎస్‌లో చేరారు. అంతకుముందు సంవత్సరం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ అమ్మాయికి మొదటి ఏడాది అనాటమీ ఇంగ్లీషులో చుక్కలు చూపించింది. సీటు ఇచ్చి వదిలేస్తే చాలదు తమ్ముడూ.

కరీంనగర్_నాన్న:
ఒక్క మాట సార్. అక్కడ పన్నెండు దాకా ఒకే బడి, కాబట్టి ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలోనే చదవాలన్న షరతు కుదిరింది. మనకు పదితో బడి అయిపోతుంది. మా పాప జడ్పీ హైస్కూల్లో చదివింది. పదిలో మంచి మార్కులొస్తే ఒక కార్పొరేట్ కాలేజీవాళ్లు ఇంటికొచ్చి మరీ ఫ్రీ సీటు ఇచ్చారు. చేర్పించాం. ఇప్పుడు మీ కోటాకి మా పాప పనికిరాదా? నేను ఆటో నడుపుతాను, నాదేమైనా కార్పొరేట్ బతుకా?

బోటనీ_సార్:
అన్నా, అడగాల్సిన మాట అడిగారు. పది దాకా చాలు అంటే కార్పొరేట్లు జడ్పీ టాపర్లను ఇంకా ఎగబడి ఏరుకుంటాయి, నా క్లాసు ఖాళీ అవుతుంది. ఇంటర్ ఒక్కటే చూస్తే పేరుకి మా దగ్గర అడ్మిషన్, చదువంతా బయట కోచింగ్‌లో. ఆ రకం హాజరు పట్టీలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. గౌలిదొడ్డి లాంటి ప్రభుత్వ గురుకులాల్లో (హాస్టల్‌తో ఉండే కాలేజీల్లో) నీట్ కోచింగ్ గట్టిగానే ఇస్తారు. అందరినీ ఒకే గంపలో వేస్తే సీట్లు ఎక్కువ వాళ్లకే పోతాయి. వాళ్లూ పేదింటి పిల్లలే, కాదనను. కానీ మా వైపు ఏజెన్సీ ఊళ్లు ఉట్నూరు, కెరమెరిల్లో మామూలు కాలేజీల్లో చదివే పిల్లలు మళ్లీ బయటే ఉంటారు.

నాకు తోచింది ఇది: ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లూ మామూలు ప్రభుత్వ సంస్థల్లో చదివినవాళ్లకు మొదటి హక్కు. తర్వాత గురుకులాలు, ఆ తర్వాత మీ పాప లాంటివాళ్లు. కొత్త కాగితాలు అక్కర్లేదు, కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఎలాగూ అడుగుతున్నారు. ఇదే రాసి ఉపాధ్యాయ ఎమ్మెల్సీకి ఇద్దామనుకుంటున్నాను. హౌస్‌సర్జన్ గారూ, ఆ మద్రాస్ హైకోర్టు తీర్పు కాపీ ఉంటే ఇక్కడ పెట్టండి, జత చేస్తాను.