పెళ్లి వాయిదా పడితే సన్నాయి మేళానికిచ్చిన అడ్వాన్సు వెనక్కి అడగొచ్చా?

గోదారి గట్టు: మా చెల్లి పెళ్లి కార్తీకంలో పెట్టుకున్నాం. ఇంకో ఆరు రోజులుందనగా నాయనమ్మ పోయింది. మైల కాబట్టి పెళ్లి మాఘానికి మార్చాం. సన్నాయి మేళానికి 30 వేలు మాట్లాడుకుని 10 వేలు అడ్వాన్సు ఇచ్చాం. మొత్తం ఆరుగురు వస్తారు. ఆ 10 వేలు వెనక్కి అడగమని నాన్న అంటున్నారు. మేళం పెద్దాయన పరామర్శకు వచ్చి గంటసేపు కూర్చున్నారు, డబ్బు మాటే ఎత్తలేదు. మా కోసం అదే ముహూర్తానికి ఇంకో పెళ్లి వదులుకున్నారని తర్వాత తెలిసింది. నాకైతే అడగడానికి నోరు రావడం లేదు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు: అడగడంలో తప్పేముంది బాబూ? వంటవాళ్లు సరుకులు కొనేస్తారు, పూలవాళ్లు ఆర్డరు పెట్టేస్తారు. వాళ్లు డబ్బు ఉంచుకున్నారంటే అర్థముంది. మేళం వాళ్లకు ఏం ఖర్చయింది? సన్నాయి వాళ్లదే, డోలు వాళ్లదే. మీ ఇంట్లోనూ ఆసుపత్రి ఖర్చులు అయ్యే ఉంటాయి. దయ వేరు, లెక్క వేరు.

డోలు ఇంటబ్బాయి: మాస్టారూ, మా నాన్న డోలు వాయిస్తాడు, అందుకే రాస్తున్నా. మాది ఒంగోలు దగ్గర పల్లె, షేకులం. మా వైపు గుళ్లో, పెళ్లిళ్లలో మేళం చాలాచోట్ల మావాళ్లదే. కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడ్డ నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారికి 1977లో పద్మశ్రీ వచ్చిన సంగతి నాన్న ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోతాడు.

మేం అమ్ముకునేది ముహూర్తాన్నే. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, భాద్రపదంలో ఉండవు, పుష్యంలో ఉండవు. మూఢం వస్తే ఇక చెప్పక్కర్లేదు. మంచి ముహూర్తానికి చుట్టుపక్కల పది పెళ్లిళ్లున్నా ఒక మేళం వెళ్లగలిగేది ఒక్కదానికే. మిగిలిపోయిన బియ్యం బస్తా మర్నాటికి పనికొస్తుంది, పోయిన ముహూర్తం పనికిరాదు.

2020లో ఉగాది రోజునే, మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైంది. వేసవి సీజనంతా పోయింది. నాన్న అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఎవరి అడ్వాన్సు వాళ్లకు తిరిగిచ్చేశాడు. డోలుకు దుప్పటి చుట్టి అటకెక్కించాం. కుడిచేతి వేళ్లకు పెట్టుకునే తొడుగులు మాత్రం దిండు కిందే ఉంచుకునేవాడు. నిద్రపట్టని రాత్రుళ్లు మంచం పట్టె మీద వేళ్లతో వాయించుకుంటుంటే పక్క గదిలో నాకు వినిపించేది. అందరూ ఫోన్లో పాటలు వింటూ టెన్షన్ తగ్గించుకున్న రోజులవి. మేళం వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగిందా అని అడిగింది ఒక్కాయనే. 'ఆ 5 వేలు ఉంచు, పెళ్లి ఎప్పుడైనా నువ్వే రావాలి' అన్నాడు. ఆ డబ్బుతో తిన్నాం. పెళ్లి మరుసటేడు జరిగింది, నాన్న రూపాయి అదనంగా తీసుకోలేదు.

మాటల డాక్టరమ్మ: అన్నయ్యా, నేను స్పీచ్ థెరపిస్టును. మీ నాయనమ్మ గారికి ఏమైందో అడగొచ్చా?

గోదారి గట్టు: పక్షవాతం అమ్మా. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. 'నీళ్లు' అనడానికి కూడా వచ్చేది కాదు. పొద్దున్నే ఫోన్లో సన్నాయి పెడితే ఎడమచేతి వేలితో దుప్పటి మీద తాళం వేసేది. ఒకరోజు తన చిన్ననాటి భజన పాట నేను ఎత్తుకుంటే రెండో చరణం తనే అందుకుంది. మాటలు స్పష్టంగా ఉన్నాయి. నాన్న అక్కడే ఉన్నారు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదటిసారి.

మాటల డాక్టరమ్మ: అలా జరుగుతుంది. మెదడు ఎడమవైపు దెబ్బతిని మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగులుతుంది. దాన్ని పట్టుకునే 1973లో బోస్టన్‌లో ఒక చికిత్స పద్ధతి తెచ్చారు. మాటను రాగంలా పలికిస్తూ, ఎడమచేత్తో తాళం వేయిస్తూ నేర్పిస్తారు. అందరికీ ఫలితం రాదు, జబ్బు నయమవుతుందనీ చెప్పను. కానీ మీ నాన్నగారికి ఆ పూట దక్కింది కదా. సన్నాయి విలువ ఆయనకు నేను చెప్పక్కర్లేదు.

ఓరుగల్లు పిల్లోడు: అడ్వాన్సు సంగతి సరే అన్నా, అసలు ఈ బతుకులు ఒక్క ఇంటి మంచితనం మీద ఎన్నాళ్లు నడుస్తయ్? 2012లో కాపీరైట్ చట్టం మార్చి పాట రాసినోళ్లకు, బాణీ కట్టినోళ్లకు రాయల్టీ హక్కు గట్టిచేసిన్రు. పెళ్లిల డోలు కొట్టెటాయనకు దాంట్ల వాటా ఏముంది? మా కిన్నెర మొగులయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు. రెండేండ్లు దాటినంక కూలి పనికి పోతున్నడని వార్తల్ల చూసినం. శాలువ కప్పి ఫొటో దిగుడు కాదు, పని లేని నెలల్ల ఇంత చేతికందాలె.

లెక్కల మాస్టారు: ప్రభుత్వం ఇవ్వాల్సింది పెళ్లివారి మీద వేస్తే ఎలా బాబూ? నేనింకా అదే అంటాను. అయితే ముహూర్తమే సరుకు అన్న మాట నాకు తట్టలేదు, అది ఒప్పుకుంటున్నాను. పోయిన ముహూర్తానికి సగం ఉంచుకోమని, మిగతా సగం మాఘం లెక్కలో కలుపుకోమనండి. ఈసారి మాట్లాడుకునేటప్పుడే పెళ్లి ఆగితే ఎంత అన్నది కాగితం మీద రాసుకోండి. డోలు ఇంటబ్బాయీ, మీ నాన్నగారు బాగున్నారా?

డోలు ఇంటబ్బాయి: బాగున్నాడు మాస్టారూ. గాజులు విడిపించాం.

గోదారి గట్టు: ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. పాట సంగతి వచ్చేసరికి లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. తిరిగొచ్చాక, మొత్తం వదిలేయలేను గానీ మాస్టారు చెప్పిన సగం సరే అన్నారు. నేను మొత్తం 10 వేలూ ఆ ముహూర్తానికే వదిలేసి మాఘానికి వేరుగా 30 వేలు ఇద్దామంటున్నాను. ఆ తేడా నా జీతంలోంచి పెడతానని చెప్పాను. రేపు పొద్దున ఇద్దరం కలిసి పెద్దాయన ఇంటికి వెళ్తున్నాం.