సిరిమానా, సిడిమానా?

సభ్యులకు నమస్కారం. పైడితల్లి అమ్మవారి కథను ఆధారం చేసుకుని తీసిన, బహుమతి కూడా పొందిన ఒక లఘుచిత్రాన్ని గత వారం విజయనగరంలో కొందరం కలిసి చూశాం. అందులో ముసలమ్మ పాత్ర ఒకటి అరుగు మీద నిలబడి "సిడిమాను లేచిందిరా" అంటుంది. పక్కనున్నవారు నటి నోరు తడబడిందనుకుని నవ్వారు గానీ, నాకు ఆ మాట తప్పుగా తోచలేదు.

విజయనగరంలో పైడితల్లి ఉత్సవంలో పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవైన మానును మనం సిరిమాను అంటాం. సిరిమాను అంటే సంపదనిచ్చే మాను అని అర్థం చెప్పుకుంటాం. మాను గురించి పేచీ లేదు. అది గ్రాంథికంలోని మ్రాను, "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతలోని మానే. చిక్కంతా సిరితోనే. వీపుకు ఇనుప కొక్కెం గుచ్చుకుని, పొడవైన కొయ్య చివర వేలాడుతూ తిరిగి మొక్కు తీర్చుకునే పాత ఆచారం సిడి. కన్నడంలోనూ ఈ మాటకు అదే అర్థం. దసరా తరువాతి మంగళవారం మన దగ్గర జరిగే ఉత్సవంలో కొక్కెం లేదు, పూజారి మాను కొసన ఆసనం మీద కూర్చుంటారు. అయినా బండి మీద ఏటవాలుగా లేచే ఆ చింతమాను అమరిక సిడికొయ్యనే గుర్తుకు తెస్తుంది.

నాకు ఇంకా బలంగా కనిపించే ఆధారం ఇరుసుమాను. ఉత్సవానికి తెచ్చే చింతమానులు రెండు కాగా, సిరిమానుకు ఇరుసుగా నిలిచే రెండోదాని పేరు అది చేసే పనిని బట్టి వచ్చినప్పుడు, మొదటిదాని పేరు కూడా పనివాళ్ల నోట అలాగే పుట్టి ఉంటుందనుకోవడం సహజం కాదా?

"మరి డకారం రేఫ ఎందుకైంది?" అని ఒక మిత్రులు కింద అడిగారు. ధ్వని ఒక్కదానితో నేను తేల్చలేను. అర్థమే మాటను తనవైపు లాక్కుందని నా ఊహ. 1757 బొబ్బిలి యుద్ధంలో తన అన్న, విజయనగరం రాజు విజయరామరాజు మరణించాక పెద్దచెరువు దగ్గర తనువు చాలించిందని చెప్పుకునే పైడిమాంబ (మన పైడితల్లి అమ్మవారు) పేరులోనే పైడి, అంటే బంగారం, ఉంది. అటువంటి తల్లి మానును సిరి అనడానికి భక్తుల నాలుక ఎంతో తటపటాయించి ఉండదు.

శ్రీకాకుళం వైపు పల్లెల్లో పెద్దలు సిడి అనగా విన్నవారుంటే, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో విన్నారో దయచేసి రాయగలరు.