అప్‌డేట్: సకినాలు మిలాన్ చేరినయ్, కోవా ఇంట్లనే ఆగింది

మా కాజీపేట విచారణ (అంటే పారిష్, ఒక చర్చి కింద ఉండే క్యాథలిక్ సంఘం) వాళ్లం మిలాన్ దగ్గర ఉన్న మా జంట విచారణకు పోతున్నం, వీసాకు ఏం కావాలె, బహుమతిగా ఏం పట్టుకపోవాలె అని అడిగిన కదా. 12 మందిమి పోయి వచ్చినం.

వీసాకు ట్రావెల్ ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తక్కువ ఉండొద్దన్నది నిజమే. పాలు, మాంసం కలిసినవి యూరప్‌కు తీసుకపోనియ్యరని మీరు చెప్పి మంచి పని చేసిన్రు. కోవా డబ్బా మా చెల్లె పిల్లల పాలయింది. సకినాలు మాత్రం పోయినయ్. సగం విరిగినయ్ అనుకోండి. ఒక ముసలామె చిన్న సకినాన్ని వేలికి ఉంగరం లెక్క పెట్టుకొని అందరికీ చూపించింది, తర్వాత కొరికి వాము తగలంగనే కళ్లు పెద్దగ చేసింది.

వరంగల్ కొత్తవాడ జంపఖానా ఇచ్చినం. 2018ల జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిందంటే వాళ్లకేం పట్టలే, చేతితో నేసిందంటే మాత్రం ఇద్దరు తిరగేసి మరీ చూసిన్రు.

చర్చి పూజల తికమక పడ్డం. వాళ్లది అంబ్రోసియన్ పద్ధతి (మిలాన్ వాళ్ల సొంత పూజ పద్ధతి), ఒకరికొకరు శాంతి చెప్పుకునుడు రొట్టె, ద్రాక్షరసం అర్పణకు ముందే అయిపోతది. మేం మన దగ్గర లెక్క సత్ప్రసాదం (పూజల పంచే రొట్టె) ముందు వస్తదని చూసుకుంట కూసున్నం! ఇంకోటి, మా పెద్దమ్మ అలవాటు కొద్దీ చెప్పులు గుడి బయటనే విడిచింది. చలికి నేల మంచుగడ్డ లెక్క ఉండె. పక్క బెంచీలామె మెల్లగ తన శాలువా తీసి ఆమె కాళ్ల కింద పరిచింది.

వచ్చే ఏడు వాళ్లు ఇక్కడికి వస్తరట. ఎండాకాలం వద్దని ముందే చెప్పినం.